ఆంప్లిఫయరుకి ముగ్గురు వైద్యులు

మా ఆయన గిటారు ఆంప్లిఫయరుకి జబ్బు చేస్తే చూడటానికి ముగ్గురు వచ్చారు. నన్ను మాత్రం ఎవరూ పిలవలేదు. నేనుండేది అదే ఇంట్లో. పైగా ముప్ఫై ఏళ్లు అమలాపురంలో జూనియర్ కాలేజీ పిల్లలకి ఫిజిక్సు చెప్పి రిటైరయినదాన్ని. కరెంటు అంటే ఏమిటో, వోల్టేజి అంటే ఏమిటో, రెండిటికీ తేడా ఏమిటో ఈ చుట్టుపక్కల చాలామందికి చెప్పింది నేనే. అందులో పాసయినవాళ్లు ఉద్యోగాలకని ఊళ్లు పట్టుకుపోయారు. ఫెయిలయినవాళ్లు మా అరుగు మీద కూర్చుని సలహాలు చెబుతుంటారు.

మా ఊరు ఐ.పోలవరం వెళ్లే దారిలో ఉంది. ఇంటి ముందు మా కొబ్బరితోట, ఇంటి వెనక రొయ్యల చెరువులు. రొయ్యలకి ఊపిరాడాలని ఆ చెరువుల్లో నీళ్లు చిలికే చక్రాలు పెడతారు, ఏరియేటర్లని. పొద్దు వాలేసరికి అన్ని చెరువుల్లోనూ అవి ఒక్కసారిగా తిరగడం మొదలెడతాయి. అక్కడ రొయ్యలు హాయిగా ఊపిరి పీల్చుకుంటాయి, ఇక్కడ మా ఫ్యాను రెక్కలు లెక్కపెట్టుకోవచ్చు. దీనిమీద ఎవరూ ఫిర్యాదు చెయ్యరు. చెరువులన్నీ మా చుట్టాలవే మరి.

మా ఆయన కొబ్బరి రైతు. అంతకుముందు, పెళ్లిళ్లలో ఆర్కెస్ట్రాలు పెట్టించుకునే రోజుల్లో, గిటారు వాయించేవారు. ఆర్కెస్ట్రా పోయింది. అందులో డ్రమ్ములు వాయించినాయన అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం పెట్టుకున్నారు. పాడినాయన ఎక్కడున్నారో తెలీదు. మా ఆయనకి మిగిలినవి ఒక గిటారు, ఒక ఆంప్లిఫయరు. ఆ ఆంప్లిఫయరు వాల్వులది. వెనకటి రేడియోల్లో ఎర్రగా వెలిగే గాజు గొట్టాలుండేవి చూడండి, అవే వాల్వులు. టేకుపెట్టెలో ఐదుంటాయి. స్విచ్చి వేశాక అవి వేడెక్కేదాకా ఆగాలి. ఆగినందుకు మంచి గొంతే వినిపిస్తుంది, అది నేను ఒప్పుకుంటాను. రోజూ సాయంత్రం ఐదింటికి ఆయన అరుగు మీద కూర్చుని గంటసేపు వాయిస్తారు. లోపల నేను కూరలు తరుక్కుంటూ వింటాను. ఆ గంటసేపూ నాకు ఆయన మీద కోపం ఉండదు. రోజు మొత్తంలో అలాంటి గంట అదొక్కటే.

మొన్న వేసవిలో ఆయన్ని అమలాపురంలో చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఏవో యంత్రాలు తగిలించి చూసి, "కుడి చెవి కొంచెం తగ్గిందండి, వయసుకి మామూలే, కంగారేమీ లేదు" అన్నారు డాక్టరు గారు. కంగారు లేదని చెప్పినప్పటి నుంచే ఈయనకి కంగారు పట్టుకుంది. తిరుగు ప్రయాణంలో ఆటోలో ఒక్క మాటే అన్నారు. "చెవి పోతే గిటారు పోయినట్టేనే." నేను ఆటో చప్పుడులో వినపడనట్టు ఊరుకున్నాను. ధైర్యం చెప్పడం నాకు చేతకాదు. తప్పులు దిద్దడం వచ్చు.

వానలు పడ్డాక మబ్బుకి చెరువుల్లో చక్రాలు నాలుగింటికే వెయ్యడం మొదలెట్టారు, ఇక్కడ ఆంప్లిఫయరు గొంతు జీరబోయింది. పగటిపూట పెడితే మొదటి పది నిమిషాలు బాగానే మోగి, తరవాత బొంగురుపోయేది. సాయంత్రమైతే మొదటి నుంచీ బొంగురే. తీగ గట్టిగా మీటితే చాలు, చిరిగిన గుడ్డ పీకినట్టు వచ్చేది శబ్దం.

మొదట వచ్చిన వైద్యుడు మా ఆడపడుచు భర్త. కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. నాకు వరసకి అన్నయ్యగారు. మా ఆయనకి స్వయానా అక్కమొగుడు కాబట్టి ఆయన మాటకి ఈ ఇంట్లో తిరుగులేదు. పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి, మీద చెయ్యి వేసి, కళ్లు మూసుకుని చెప్పేశారు.

"ఎర్తు లేదు బావా. అందుకే ఇలా ఏడుస్తోంది."

"మరేనండి బావగారూ" అన్నారు ఈయన.

పెరట్లో గొయ్యి తవ్వారు. బొగ్గూ ఉప్పూ పోసి, రాగిరేకు పాతి, రోజూ రెండు బిందెల నీళ్లు పొయ్యమని నాకు పురమాయించారు. ఆ పని చెప్పడానికి మాత్రం నేను గుర్తొచ్చాను. వారం తిరక్కుండా పక్కనున్న మందారం ఉప్పుకి ఎండిపోయింది. ఆంప్లిఫయరు ఎప్పటిలాగే ఏడుస్తోంది.

రెండో వైద్యుడు మా మరిది, ఈయన పినతండ్రి కొడుకు. వెనక చెరువుల్లో సగం అతనివే. వస్తూనే నేరం ఒప్పేసుకున్నాడు.

"వదినగారూ, ఇది మా ఏరియేటర్ల వల్లేనండి. వోల్టేజి మొత్తం అవే లాగేస్తన్నాయి. అందుకే నేనే బూస్టరు పట్టుకొచ్చేను."

బూస్టరంటే ఈ పక్క ప్రతి ఇంట్లోనూ ఉండే ఇనప డబ్బా. దానికో మర ఉంటుంది. వోల్టేజి తగ్గినకొద్దీ మరని సున్నా నుంచి ఐదు దాకా తిప్పుకుంటూ పోవాలి. మళ్లీ పొద్దున చక్రాలు ఆగి వోల్టేజి పెరిగినప్పుడు వెనక్కి తిప్పాలి. ఎక్కించడం అందరికీ గుర్తుంటుంది, దించడం ఎవరికీ గుర్తుండదు. ఈ పక్క కాలిపోయిన టీవీల్లో చాలా వాటికి కారణం పిడుగులని చెబుతారు గానీ, కారణం ఈ మరే. మా మరిది దాన్ని నాలుగు మీద పెట్టి, ముట్టుకోవద్దని చెప్పి వెళ్లాడు. అతని రోగనిర్ణయం సగం నిజమని నేను కాదనను. సగం నిజంతో వచ్చినవాణ్ణి ఆపడం మరీ కష్టం.

మూడో ఆయన అమలాపురంలో డీజే బాక్సులు అద్దెకిస్తారు. మా ఆయన ఫోనులో ఒక వీడియో తీసి పంపితే మర్నాడు మోటారు సైకిలు మీద వచ్చారు.

"వాల్వులేంటండీ బాబూ! ఇప్పుడివి ఎవరి దగ్గరున్నాయండీ? ముందు స్పీకరు మార్చేద్దారండి. ఆనక దీన్ని ఆగ్నేయం మూలకి పెట్టండి. మా షాపులో అన్నీ ఆగ్నేయంలోనేనండి. ఒక్కటీ పాడవ్వదు."

స్పీకరు మార్చారు. మా ఇంట్లో ఆగ్నేయమంటే వంటిల్లు. నాలుగు రోజులపాటు మా ఆయన ఫ్రిజ్జు పక్కన, ఆవకాయ జాడీల మధ్య పీట వేసుకుని వాయించారు. బొంగురుకి తోడు ఫ్రిజ్జు గురక కూడా కలిసింది. నేను గరిటె పట్టుకుని ఆయన మోకాళ్లు దాటుకుంటూ తిరిగాను.

ఇంత జరుగుతుంటే నేను నోరు మూసుకున్నానని కాదు. ఒకనాడు అన్నయ్యగారు పెట్టె వెనక చెక్క ఊడదీసి లోపల చెయ్యి పెట్టబోయారు. "అన్నయ్యగారూ, ప్లగ్గు తీసినా లోపల మూడు వందల వోల్టులు నిలవుంటాయండి, చెయ్యి పెట్టకండి" అన్నాను. "ఆయ్" అన్నారు. మా వైపు ఆయ్ అంటే నీ మాట విన్నాను అని అర్థం. విన్నామనేగానీ చేస్తామని అందులో లేదు. ఆయన వేలు పెట్టారు. మరుక్షణం అరుగు చివర కొబ్బరికాయల గుట్ట మీద కూర్చుని ఉన్నారు. కాసేపటికి తేరుకుని మా ఆయనతో, "చూసేవా బావా, ఎర్తు ఇంకా చాల్లేదు" అన్నారు.

అప్పుడు నేను లోపలికెళ్లి నా మల్టీమీటరు తెచ్చాను. రిటైరయినరోజున నాతోపాటు ఇంటికొచ్చింది శాలువా కాదు, నేను కొనుక్కున్న ఆ మీటరే. "ఒక్కసారి కొలిచి చూద్దామండీ" అన్నాను. అన్నయ్యగారు నవ్వారు. నొప్పిలో ఉండి కూడా నవ్వారు.

"మీటర్లు కాలేజీలో పనికొస్తాయి చెల్లెమ్మా. మాది చేతి అనుభవం. నువ్వలా కాస్త కాఫీ పెట్టు."

మా ఆయన ఏమైనా అంటారేమోనని చూశాను. "కాస్త చక్కెర తగ్గించు, బావగారికి పడదు" అన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. మీటరు తీసుకెళ్లి సొరుగులో పడేశాను. కాఫీ పెట్టాను. చక్కెర రెట్టింపు వేశాను. ఇక ఈ విషయంలో నన్ను అడిగేదాకా నోరు విప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాను. నా మాటకి విలువ లేని చోట నా మౌనానికైనా ఉంటుందనుకున్నాను. చదువుకున్నదాన్ని కదా, కోపాన్ని కూడా సిద్ధాంతంలా చెప్పుకోగలను.

అసలు చోద్యం అది కాదు. ఒక్కొక్క వైద్యం అయ్యాక పరీక్ష ఉంటుంది. మా ఆయన గిటారు తగిలించుకుని నాలుగు తీగలు మీటుతారు. బొంగురు అలాగే ఉంటుంది. అరుగు మీదున్నవాళ్లందరికీ అది వినపడుతుంది. కానీ గొయ్యి తవ్వించింది బావగారు. ఆయన్ని ఎదురుగా పెట్టుకుని మీ గొయ్యి పనిచెయ్యలేదండీ అని ఎవరంటారు? మా మరిది ముందుగా అందుకుంటాడు.

"ఇప్పుడు మోగిందండి! బెమ్మాండంగా ఉంది."

తరవాత బూస్టరు పెట్టినప్పుడు అన్నయ్యగారు బదులు తీర్చుకున్నారు. "తేడా తెలుస్తోందిరా అబ్బాయ్, గంటలాగుంది." స్పీకరు మార్చాక ఇద్దరూ కలిసి డీజే ఆయన్ని మెచ్చుకున్నారు. ఆయన వీళ్లిద్దరి ముందుచూపునీ మెచ్చుకున్నారు. ఒకళ్ల మనసు ఒకళ్లు నొప్పించకుండా, ఎవరి మర్యాద వాళ్లకి దక్కేలా, మూడు వారాలపాటు మా అరుగు మీద ఒక చెడిపోయిన ఆంప్లిఫయరు మూడుసార్లు బాగుపడింది.

మా ఆయన మాత్రం ప్రతిసారీ తీగ మీటి, తల కొంచెం ఎడమవైపు వంచి వినేవారు. వాళ్ల ముఖాలు చూసేవారు. "బాగుందంటారా?" అనేవారు. "ఆయ్, బెమ్మాండం" అనేవారు వాళ్లు. ఈయన "ఆయ్" అని గిటారు పక్కన పెట్టేసేవారు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ముగ్గురూ కలిసి మళ్లీ పరీక్ష పెట్టారు. ఎండ కాస్తోంది, చెరువుల్లో చక్రాలు ఆగి ఉన్నాయి, వోల్టేజి నిండుగా ఉంది. బూస్టరు మర మాత్రం నాలుగు మీదే ఉంది. స్విచ్చి వెయ్యగానే ఫ్యూజు కొట్టేసింది. రెండోది పెట్టారు, అదీ పోయింది. మాటిమాటికీ ఏంటిదని అన్నయ్యగారు విసుక్కుని, ఒక వైరు ముక్కలోంచి నాలుగు రాగిపోగులు పీకి, మెలిపెట్టి, ఫ్యూజు ఉండాల్సిన చోట బిగించేశారు. జీవితమంతా స్తంభాల మీద ఆయన చేసిందదే. ఇక అది పోదు. దాని బదులు ఇంకేదైనా పోతుంది. పది నిమిషాల్లో పెద్ద వాల్వు లోపలి రేకు కాలిన అట్లకాడలా ఎర్రబడింది, మాడువాసన మొదలైంది. వాళ్లు దాన్ని చూసి వేడెక్కుతోందని సంతోషిస్తున్నారు. నేను వెళ్లి స్విచ్చి ఆపేసి, ఒక్క మాటైనా అనకుండా తిరిగొచ్చేశాను.

మర్నాడు ఈయన తోటకి వెళ్లినప్పుడు సొరుగులోంచి మీటరు తీశాను. చూడకుండా ఉండలేకపోయాను. ముందు ఆ బూస్టరు మరని సున్నాకి దించి కొలిచాను. గోడ ప్లగ్గులో పగలు రెండు వందల ముప్ఫై రెండు. చీకటి పడే ముందు మళ్లీ చూస్తే నూట అరవై ఎనిమిది. అంత తక్కువలో వాల్వులు సరిగా వేడెక్కనే వేడెక్కవు, ఇక పాడేదేమిటి? అది బయటి జబ్బు. లోపలి జబ్బు వేరే ఉంది. చిన్న వాల్వుకీ పెద్ద వాల్వుకీ మధ్య మైనపు కాగితం చుట్టిన కెపాసిటరు ఒకటుంటుంది. దాని పని పాటని పోనిచ్చి, వెనకనున్న వోల్టేజిని అక్కడే ఆపడం. దానికి ముసలితనం వచ్చి, తేమ పట్టి, ఆపడం మానేసింది. పెద్ద వాల్వు గ్రిడ్డు మీద, అంటే దాన్ని అదుపులో ఉంచే తీగ మీద, సున్నా ఉండాల్సిన చోట పదకొండు వోల్టులు చూపించింది మీటరు. వేడెక్కినకొద్దీ ఇంకా పెరుగుతోంది. పది నిమిషాల తరవాత బొంగురుపోవడానికి కారణం అదీ.

గొయ్యి కాదు, స్పీకరు కాదు, ఆగ్నేయం అసలే కాదు. గోరంత కెపాసిటరు. నాకెంత ఆనందమేసిందో చెప్పలేను. ముప్ఫై ఏళ్ల సర్వీసులో అంత శుభ్రంగా తేలిన లెక్క ఇంకోటి లేదు. మరని మళ్లీ నాలుగు మీదే పెట్టి, పెట్టె మూసేసి, మీటరు దాచేసి, ఎవరైనా అడుగుతారని ఎదురుచూస్తూ కూర్చున్నాను.

మూడో రోజున ఆయనే అడిగారు. నేను దొడ్డిగుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాను. వచ్చి పక్కన మెట్టు మీద కూర్చున్నారు.

"ఒక మాట చెప్పవే. నీకూ అలాగే బొంగురుగా వినపడతందా?"

నాకు తెలుసు ఆయన దేనికి అడిగారో. ఇప్పుడు తెలుసునని కాదు, అప్పుడే తెలుసు. కానీ బావగారి కాఫీలో చక్కెర సంగతి నేనింకా మర్చిపోలేదు.

"నన్నెందుకండీ అడుగుతారు? మీ ఇంజనీర్లు ముగ్గురున్నారుగా. వాళ్లేమంటే అదే."

"వాళ్లంతా బాగుందనే అంటన్నారు."

"అయితే బాగున్నట్టే" అన్నాను, చింతపండు మీంచి తల ఎత్తకుండా.

ఆయన లేచి వెళ్లిపోయారు. ఆ సాయంత్రం గిటారు తియ్యలేదు. మర్నాడూ తియ్యలేదు. ఐదింటికి అరుగు మీద కూర్చుని పేపరు చదివారు, పొద్దున చదివిన పేపరే. నేను ఇంకోసారి అడుగుతారులే, అప్పుడు చెబుదామనుకున్నాను. రోజుకి ఒకసారి అలా అనుకున్నాను. అలా పన్నెండు రోజులు గడిచాయి.

పన్నెండో రోజు పొద్దున అంబాజీపేట నుంచి డ్రమ్ముల ఆయన ఫోను చేశారు. ఆయన షష్టిపూర్తి దగ్గరికొచ్చింది. పాత ఆర్కెస్ట్రావాళ్లలో దొరికినవాళ్లని దొరికినట్టు పోగేసి నాలుగు పాటలు వాయిద్దామని ఆయన ముచ్చట. ఈయన ఫోను స్పీకరులో పెట్టుకుని మాట్లాడుతున్నారు. ఎడమ చెవికి కూడా ఫోను ఆనించడం మానేశారని నాకప్పుడే తెలిసింది.

"వస్తాగాని వాయించను బాబూ. వేళ్లు బానే ఉన్నాయి. చెవి పోయింది."

"అదేంట్రా, డాక్టరు కొంచెవేనన్నాడన్నావు?"

"అప్పుడు కొంచెవే. ఇప్పుడు మొత్తం తేడా వచ్చేసింది. ఆంప్లిఫయరు బాగుచేయించేరు, అందరికీ బాగా వినపడతంది. నాకే బొంగురుగా వినపడతంది. ఇంక తప్పు దాన్దెలా అవుద్ది?"

ఆయన గొంతులో ఏడుపు లేదు. కాయ రేటు పడిపోయిందని చెప్పినట్టు చెప్పారు. నా చేతిలో ఉన్న పళ్లెం నేను ఎప్పుడు కింద పెట్టానో నాకు గుర్తులేదు. సిగ్గేసింది. ముగ్గురు మగాళ్లు మర్యాదకి పోయి చెప్పిన అబద్ధాలు విడి ముక్కలుగానే ఉన్నాయి. వాటన్నిటినీ కలిపి బిగించింది నేను చెప్పిన ఆ ఒక్క ముక్కే, బాగున్నట్టే అని.

మర్నాడు తోటలో కొబ్బరికాయల దింపు. చెట్లెక్కేవాళ్లు పొద్దున్నే వచ్చారు, ఆయన వాళ్లతో తోటలోకి వెళ్లారు. నేను అమలాపురం బస్సెక్కి, ఎర్ర వంతెన అవతల రేడియో సామాన్లమ్మే కొట్టు వెతుక్కుని, ఆరు వందల వోల్టులు తట్టుకునే కెపాసిటరు అడిగాను. కొట్టాయన కళ్లజోడు పైకెత్తి, "ఇవి ఇప్పుడెవరడుగుతన్నారండీ!" అని, అయినా అడుగు సొరుగులోంచి రెండు తీసిచ్చారు. "సారుకి ఎలాటివి కావాలో చెప్పేరాండీ?" అని కూడా అన్నారు. చెప్పారన్నాను.

ఇంటికొచ్చి పెట్టె విప్పాను. నలభై వాట్ల బల్బుకి రెండు తీగలు తగిలించి లోపలి పెద్ద కెపాసిటర్లకి ఆనించాను. బల్బు ఒక్క క్షణం వెలిగి ఆరిపోయింది. అన్నయ్యగారికి తగిలింది ఆ వెలుగే. రాగిపోగులు పీకేసి అసలు ఫ్యూజు పెట్టాను. పాత కెపాసిటరు కాళ్లు కత్తిరించి కొత్తది సోల్డరు చేశాను. ఎర్రబడి నీరసించిన పెద్ద వాల్వునీ దాని జతనీ తీసేసి, ఈయన బిస్కెట్ల డబ్బాలో దూది చుట్టి దాచుకున్న జతని పెట్టాను. బూస్టరుని మా మరిది ఇంటికి పంపించేశాను. స్విచ్చి వేసి గ్రిడ్డు మీద మీటరు పెడితే సున్నా. పావుగంట ఆగి చూశాను, సున్నాయే. మొత్తం నలభై నిమిషాలు కూడా పట్టలేదు. పన్నెండు రోజులు నా మర్యాద కోసం అట్టేపెట్టిన పని.

ఆయన చెమటలు కక్కుతూ తోటలోంచి రాగానే, భోజనమైనా పెట్టకుండా గిటారు చేతికిచ్చాను.

"వాయించండి."

"ఎందుకే ఇప్పుడు?"

"వాయించండి చెబుతాను."

వాయించారు. గట్టిగా మీటారు, మెల్లగా మీటారు. పెట్టె పాత గొంతుతో పలికింది. దింపు మనుషులు కాయలు పోగేస్తున్నవాళ్లు ఆగి ఇటు చూశారు. ఇరవై నిమిషాలైనా గొంతు జీరపోలేదు. ఆయన చెయ్యి ఆపి నా వంక చూశారు.

"బాగుందా?"

"మీకు వినపడటం లేదా?"

"నాకు బాగానే ఉన్నట్టుంది. నాకెందుకు, నీకెలా ఉందో చెప్పు."

అప్పుడు చెప్పాను, కెపాసిటరు సంగతీ, వోల్టేజి సంగతీ. పాత కెపాసిటరు అరచేతిలో పెట్టి చూపించాను. సాయంత్రం కాకుండా పగలు పదకొండింటికి వాయించుకోమన్నాను, చక్రాలు ఆగి ఉంటాయి కాబట్టి. "మీ చెవికి ఏమీ కాలేదండీ. అప్పుడు మీకు వినపడిందే నిజం. వాళ్లు ముగ్గురూ మొహమాటానికి అబద్ధం చెప్పారు" అన్నాను.

ఆయన కెపాసిటరుని అటూ ఇటూ తిప్పి చూశారు. చాలాసేపు చూశారు.

"సరే, వాళ్లు మొహమాటపడ్డారనుకో. మరి నువ్వో? నీకు తేడా తెలిస్తే ఊరుకునేదానివా? ముప్ఫయ్యేళ్లలో నువ్వు దేనికైనా ఊరుకున్నావా? నేనడిగితే బాగున్నట్టేనన్నావు. నీక్కూడా వినపడలేదంటే నా చెవిలో ఏదో ఉందన్నమాటే కదా."

దానికి జవాబు నా దగ్గర ఉంది. నాకు వినపడింది, కొలిచాను, తెలుసు, మీ మీద కసితో చెప్పలేదు. నాలుగు మాటలు. ఆయన చెవి ఆయనకి తిరిగి దక్కాలంటే నేను అనాల్సినవి అవే. నోటిదాకా వచ్చాయి. "అన్నం చల్లారిపోతోంది, లేవండి" అన్నాను.

షష్టిపూర్తికి మాత్రం ఒప్పించాను. అంబాజీపేటలో పగటిపూట ఫంక్షను. హాలువాళ్ల వోల్టేజి నేనే కొలిచి, నేనే ప్లగ్గు పెట్టాను. అన్నయ్యగారు ముందు వరసలో కూర్చుని, ఆ ఎర్తు గొయ్యి ఎన్ని అడుగులు తవ్వించారో పక్కాయనకి చెబుతున్నారు. మా మరిది తన బూస్టరు గురించి చెబుతున్నాడు. డీజే ఆయనైతే పెళ్లికూతురిలా తయారైన డ్రమ్ముల ఆయన భార్యకి ఆగ్నేయం మూల చూపిస్తున్నారు. ముగ్గురూ ఒకళ్లనొకళ్లు మెచ్చుకున్నారు. నేను నోరెత్తలేదు. ఇప్పుడు వాళ్లని అనడానికి నాకు మొహం లేదు.

పాట మొదలైంది. ఆర్కెస్ట్రాలో మిగిలింది ముగ్గురే, అయినా హాలు ఊగిపోయింది. మా ఆయన తీగల వంక చూడటం లేదు, డ్రమ్ముల ఆయన వంక చూడటం లేదు. ఒక్కొక్క ముక్క వాయించి నా వంక చూస్తున్నారు. నేను బాగుందని తల ఊపితే తరవాతి ముక్కలోకి వెళుతున్నారు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఈ మనిషి నన్నొక్కసారైనా అడగడేమని ఏడ్చినదాన్ని. జనం మధ్యలో, నాలుగు పాటల్లో, నలభైసార్లు అడిగారు.

మూడో పాటలో ఒకచోట నిజంగానే స్వరం తప్పారు. డ్రమ్ముల ఆయన కూడా గమనించి ఇటు తిరిగారు. ఈయన నా వంక చూశారు. నేను తల ఊపాను.

ఆయన నమ్మేశారు.